రాత్రికి ఒక్కటే స్టార్ట్

పీణ్యాలో తెల్లవారుజాము మూడున్నర.
పన్నెండు గంటలుగా
ఇరవైమూడు డిగ్రీల గదిలో చల్లారుతోంది కారు.
తలుపు గట్టిగా వేయొద్దని చీటీ అంటించాను,
లేచిపోతుందేమో అన్నట్టు.

రాత్రికి ఒక్కటే స్టార్ట్.
తప్పితే రేపే.

తాళం తిప్పకుండా, ఇద్దరం కలిసి
రోలర్ల మీదికి నెట్టుకొచ్చాం.
పిళ్ళప్పది కోలారు దిక్కు,
ముప్పై ఏళ్ళు ఆటో తోలిన చేతులు.
"చోక్ లాగి రెండు తన్నులు తంతే
అదే లేస్తా ఉండె గదమ్మా,
దీనికింత సేవ ఏల?"

నిజమే, లేచేది.
వీధి వీధంతా దగ్గేలా లేచేది.

చల్లటి ఇంజన్‌కి ఆకలెక్కువ, అరుగుదల తక్కువ.
పోసిన పెట్రోలు సిలిండరు గోడలకు చెమటలా పట్టి
కాలకుండానే బయటికి నడుస్తుంది,
జాలహళ్ళి క్రాస్‌లో బస్సు కోసం నిలబడ్డ
ఎవరో పిల్ల ముక్కులోకి.
మొదటి ఇరవై సెకన్లు.
ఆ తర్వాత ఏ బండైనా పెద్దమనిషే.

అందుకని వారం రోజులుగా
ఒక్క చిమ్మును మూడు చేస్తూ కూర్చున్నాను.
సూది లేచి వాలడానికి మిల్లీసెకను కూడా ఇవ్వను.
ఆరు రంధ్రాలు, ఒక్కోటి రెండు వెంట్రుకల మందం.
ఆఖరి చిటికెడు మాత్రం నిప్పురవ్వ పక్కనే పడాలి,
ఇంగువలాగా:
ఎక్కువైతే చేదు, తక్కువైతే వేయనట్టే.

"తిప్పు పిళ్ళప్పా."

పట్టుకుంది.
తెర మీద ఎర్ర గీత పడగెత్తింది.
నేను ఊపిరి బిగబట్టాను,
ఏం లాభమో తెలీదు, బిగబట్టాను.
తొమ్మిది. పద్నాలుగు. పదిహేడో సెకనుకి
గీత తల దించి
బల్లపరుపుగా పడుకుంది.

ఆయన దిగొచ్చి, గొట్టం ఊడదీసి
వంగి వాసన చూశాడు,
వద్దన్నా వినడు.
"ఏమీ లేదు గదమ్మా! బండి ఉందో సచ్చిందో
ఎట్ట తెలిసేది?"
నవ్వాడు. నవ్వు మధ్యలో దగ్గొచ్చింది,
లోపలి నుంచి, పాతది,
గోడ పట్టుకుని ఆగాల్సినంత.

నీళ్ళ సీసా ఇచ్చాను.
సంచుల్లో నింపిన పొగ లెక్క తేలేసరికి ఐదయింది:
అనుకున్నదానికి రెండు మిల్లీగ్రాములు ఎక్కువ.

రెండే గదా, అన్నాడాయన.
రెండే.

ఆఖరి చిటికెడులో కాస్త తగ్గించి రాసుకున్నాను.
సాయంత్రం నుంచి మళ్ళీ చల్లారబెట్టాలి.
తలుపు ఆయనే వేశాడు,
మెల్లగా.