మోచేతి బెల్లం

ఇరవై రెండేళ్లు నీ బంతి పట్టినవాణ్ణి, ఎవారిస్తో.
నీ సంగతి పేపర్లకన్నా
నా ఎడమ అరచేతికే ఎక్కువ తెలుసు.
చూపుడువేలి మొదట్లో కాయ కాసిన చోటు ఒకటుంది,
అది నువ్వే.

బనీలో, ఉప్పుమడుల పక్క గ్రౌండులో
పాలడబ్బా అట్ట మడిచి గ్లవ్ చేసుకున్న రోజుల్లో
నీ బంతి రావడం కనపడేది కాదు,
వినపడేది.
"వాడి పుర్రచెయ్యి వాళ్ల నాన్నది కాదు, నాది"
అనేది మీ అమ్మ, ఉప్పు పార నేలకానించి.

పదిహేడేళ్లకు నీకు సంతకం.
నీతోపాటు నన్నూ తీసుకున్నారు, కొసరుకి.
ఆ డబ్బుతో మీ ఇంటికి రేకులు పోయి స్లాబు,
చెల్లెలి పళ్లకు క్లిప్పు,
నాకో నిజమైన గ్లవ్.

ఆ తర్వాత అయోవా.
మొక్కజొన్న, మొక్కజొన్న, నడుమ ఒక స్టేడియం.
"చికెన్" అన్న ఒక్క ఇంగ్లీషు ముక్కతో
నెలంతా భోంచేశాం.
పన్నెండు గంటల బస్సులో నువ్వు
చేతికి తువ్వాలు చుట్టి
పరాయివాళ్ల పిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు
ఒళ్లో పెట్టుకుని నిద్రపోయేవాడివి.

పెద్ద లీగు పిలిచింది. పంతొమ్మిది రోజులు.
మోచేతికి బెల్లం రాసి నాకమంటారే, అట్లా.
నాలుక ఇంకా చాస్తూనే ఉన్నావు,
మోచెయ్యే తెగింది.

ఆ రోజు నేను నీ ఎదుట లేను.
కింది లీగు గదిలో, టీవీ ముందు బూట్లు విప్పుతున్నాను.
ఒక బంతి వేసి చెయ్యి విదిలించావు,
ఈగ వాలినట్టు.
కామెంటరీలో ఎవరో నవ్వుతున్నారు.
నా అరచెయ్యి చల్లబడింది.

కుడి మణికట్టు నరం తీసి ఎడమ మోచేతిలో కుట్టారు.
ఒక చెయ్యి ఇంకో చేతికిచ్చిన అప్పు.
మళ్లీ వేశావు, మెక్సికోలో, చలికాలాలు ఇంటి దగ్గర,
తొంభై ఆరు మైళ్లు ఎనభై ఎనిమిదికి దిగేదాకా.
వేగం పోయాకే నీకు ఆట తెలిసిందని రాశారు.
అబద్ధం.
వేగం పోయాక నీకు తెలిసింది భయం.

ఇప్పుడు అకాడమీలో నీ మెడలో విజిలు,
చొక్కా కింద కొంచెం పొట్ట.
యోర్బిన్ వేస్తున్నాడు. పదహారేళ్లు.
ఫెన్సు వెనక స్కౌటు, చేతిలో రాడార్.
తొంభై మూడు. తొంభై నాలుగు.
మోకాళ్లు తిడుతుంటే కూర్చుని పడుతున్నాను.
పదకొండో బంతికి
నా అరచెయ్యి చల్లబడింది.

తలెత్తేసరికి నువ్వప్పటికే నడుస్తున్నావు.
"ఎక్కడ?"
"ఏం లేదు," అన్నాడు వాడు.
మనమందరం చెప్పిన మాటే.
మచ్చ చూపించి బెదిరించే కోచ్‌లున్నారు,
నువ్వు చొక్కా చెయ్యి మడవలేదు.
వాడి మోచేతి కింద నీ అరచెయ్యి పెట్టి
బరువు చూస్తున్నట్టు నిలబడ్డావు, చాలాసేపు.
చెయ్యి తిరిగినవాడంటే
నేను ఇంకేదో అనుకునేవాణ్ణి.

స్కౌటు కారు దుమ్ము రేపుకుంటూ పోయింది.
వాడు ఏడ్చాడు.
మన ఊళ్లో ఉన్న బూతులన్నీ నిన్ను తిట్టాడు,
రెండు కొత్తవి కూడా.
వాళ్లమ్మ ఫెన్సు తీగ వదల్లేదు.
ఏ రేకులు, ఏ స్లాబు లెక్క వేసుకుందో.

రాత్రి, బీరు తెరవకుండానే అడిగావు,
"ఆపింది వాణ్ణేనా నేను?"

లైటు కింద అరచెయ్యి తిప్పి చూసుకున్నాను.
కాయ అక్కడే ఉంది.
ఏమీ చెప్పలేదు.