నిరసన సున్నా

తరమణి ఆఫీసులో ఏసీ నీళ్లు బకెట్టులోకి కారుతున్న సాయంత్రం
సభ్యత్వ ఫారం తెరిచాను.
ఆరోగ్యానికి లెక్కలు కట్టేవాళ్ల ప్రపంచ సంఘం.
పదకొండేళ్లుగా చేరదామనుకుంటున్నదే,
ప్రతి మార్చిలోనూ వచ్చే మార్చికి వాయిదా వేసుకుంటున్నదే.

మొదటి పేరు, చివరి పేరు అడిగింది.
మా వైపు ఇంటిపేరే ముందు నడుస్తుంది,
మనిషి వెనకాల వస్తుంది.
ఈ ఒక్కసారికి నేను ముందు నడిచాను.

దేశం అడిగింది.
ఇండియా అని నొక్కగానే పక్కన చిన్న అక్షరాలు వెలిగాయి:
దిగువ మధ్య ఆదాయం.
చందా సగానికి దిగింది.
ఎవరి లేమికో ఇచ్చిన రాయితీ
నా జీతం మీదకొచ్చి కూర్చుంది.
తీసుకున్నాను. అబద్ధమెందుకు?

ఎందుకు చేరుతున్నారు, యాభై మాటల్లో?

పులియంతోపు, కార్పొరేషన్ క్వార్టర్సు, మూడో అంతస్తు.
ప్రశ్నలన్నీ తమిళంలో అచ్చేయించుకుని వెళ్లాం.
నాంచారమ్మ తలుపు తీసి, నా మాట విని,
‘తెలుగోళ్లా?’ అంది.
నాలుగు తరాలు ఈ ఊరి వీధులూడ్చిన తెలుగు,
ఇన్నేళ్లు నానినా కరగనిది.

మొగుడికి వారానికి రెండుసార్లు డయాలసిస్.
‘ఆసుపత్రిలో దుడ్డు తీసుకోరమ్మా, ఉచితమే.
ఆటోకి నూటెనభై.
తోడు పోతే ఆ పొద్దు నాకు కూలి లేదు.
సూదిమందు బయట కొనాల.
చెవులవి కుదువకొట్లో ఉండాయి.’
రాసుకున్నాను.
ప్రతిదానికీ ఒక గడి ఉంది మా దగ్గర.
చెవులక్కూడా.

ముప్పై నాలుగో ప్రశ్న:
సంపూర్ణ ఆరోగ్యంతో ఒక్క ఏడాది అదనంగా బతకడానికి
మీ కుటుంబం గరిష్ఠంగా ఎంత ఇవ్వగలదు?

ఆమె లోపలికెళ్లి స్టవ్వు తగ్గించి వచ్చింది.
‘ఎవురికియ్యాల?’
ప్రశ్న మళ్లీ చదివాను, నెమ్మదిగా.
‘అది కాదమ్మా. ఆ ఏడాది ఎవురి దగ్గరుంది?
అడ్రసు చెప్పు, పోయి కాళ్లైనా పట్టుకుంటా.
దుడ్డు సంగతి ఆడ మాట్లాడుకుంటాం.’

మా శాస్త్రంలో దీనికి పేరుంది. నిరసన సున్నా.
ధర చెప్పమంటే ప్రశ్ననే నిలదీసినవాళ్లు.
సగటు చెడగొడతారని ముందే ఏరేస్తాం,
బియ్యంలో రాళ్లలాగా.
రెండు వందల పన్నెండు ఇళ్లు, ముప్పై ఒక్క రాయి.
వ్యాసం అచ్చయింది. పట్టిక అడుగున ఒక చుక్క గుర్తు,
పక్కన ‘మినహాయించబడినవి’.
నాంచారమ్మ కాపురం ఆ చుక్క కిందే.

యాభై మాటలు.
మొదట పద్ధతిగానే రాశాను,
సమత్వం, సార్వత్రిక రక్షణ, అనుభవాల మార్పిడి.
చదువుకుంటే నాకే ఆవలింత వచ్చింది.
చెరిపేసి ఇలా రాశాను:

మీరు ఏరేసిన వాళ్లని ఎక్కడ ఉంచారు?
నా దగ్గర ముప్పై ఒక్క మంది ఉన్నారు.
ఒకావిడ అడ్రసు అడుగుతోంది.
కలిసి వెతకడానికి మనుషులు కావాలి.

ఇంగ్లీషులోకి దించేసరికి
దుడ్డు నిధులయింది,
కాళ్లు పట్టుకోవడం అభ్యర్థనయింది.
అయినా పంపేశాను.

కార్డుని రెండుసార్లు తిప్పికొట్టింది, మూడోసారి పట్టింది.
స్వాగతం అని వచ్చింది, వెంట ఏడంకెల నంబరు.
రాయితీ పోను చందా
ఆసుపత్రికి ఇరవై రెండు ఆటోలు.
లెక్క కట్టకుండా ఉండలేను, నా కూలి అదే.

ఆమె మొగుడికి ఆ ఏడాది దొరికిందో లేదో తెలీదు.
సర్వేకి రెండో విడత లేదు,
గ్రాంటులో రాయలేదు.

బకెట్టు నిండింది. పారబోసి కిందికి దిగాను.
సన్నగా వాన. ఒక ఆటో ఆగింది.
పులియంతోపు, అన్నాను.
అతను మీటరు వైపు చూడనైనా చూడకుండా
నా వైపు తిరిగి
ఎంత ఇవ్వగలరు, అన్నాడు.