ముచ్చికలు

యార్డుకి తాళం పడ్డ పదకొండో రోజు
మా కెజియా నా ఫోన్లో గ్రూపు కట్టింది.
పేరేం పెట్టమంటావే అంది.
ముచ్చికలు, అన్నాను.
పంతొమ్మిదేళ్లు నా వేళ్లు
ఇంకేం గిల్లాయని?

ఏడుగురం.
రాయడం ఒక్కదానికీ రాదు.
మైకు బొమ్మ మీద బొటనవేలు ఆనించి మాట్లాడతాం,
డ్వాక్రా కాగితం మీద ముద్ర వేసినట్టు,
తీస్తే మాట తెగిపోతుందని
గోరు తెల్లబడేదాకా నొక్కి.

"డిపోలో కందిపప్పు ఇచ్చారా మీకు?"
"మా సందుకి అడ్డంగా సరుగుడు బాదులు కట్టారే,
పాలబ్బాయి పాకెట్టు కిందనుంచి తోస్తన్నాడు."
"మా ఆయన తాగుడు మానాడక్కా. దొరక్క."

మాట కన్నా, మాట వెనకాల చప్పుళ్లే
మళ్లీ మళ్లీ పెట్టుకుని వినేదాన్ని.
ధనకోటి ఇంట్లో కుళాయి కింద బిందె నిండడం,
ఖైరున్నీసా మనవడు మంచంకోడు మీద గరిటెతో కొట్టడం.
ఒక మధ్యాహ్నం నాగేంద్రం ఏమీ మాట్లాడకుండా
ఇరవై మూడు సెకన్లు వాళ్ల ఫ్యాను శబ్దం పంపింది.
మొత్తం విన్నాను.
తిరిగి మా ఫ్యాను పంపాను.

మ్యాపులో మా పేటకి ఎర్రరంగు వేశారంట.
ఎరుపు మాకేం కొత్త,
ఎరుపు మీద కూచునే గదా ఇన్నేళ్లూ సద్ది తిన్నాం.

కానీ శేషరత్నాన్ని తీసుకెళ్లారు,
మొహాలు కనపడని తెల్లబట్టలోళ్లొచ్చి.
నాలుగు రోజులు నా మాటల పక్కన ఒకటే టిక్కు.
రెండోది పడిందేమో చూడవే అని
అర్ధరాత్రి కెజియాని లేపాను.

ఐదోరోజు సాయంత్రం వీడియోలో అందరం.
ఫోను ఏడు ముక్కలైంది, ముక్కకో మొహం.
శేషరత్నం ముక్కులో గొట్టం.
ఎవరికీ మాట రాలేదు.
అప్పుడు ఖైరున్నీసా తుమ్మింది.

ధనకోటి గబుక్కున కొంగు అడ్డం పెట్టుకుంది,
అది ఏటుకూరులో, ఇది సంగడిగుంటలో.
నేనూ వెనక్కి జరిగాను, అబద్ధమెందుకు.
యార్డులో పొద్దున తొలి బస్తా విప్పంగానే
ఏడు తుమ్ములు పడేవి, హాజరు పలికినట్టు.
ఒకటి తగ్గితే రానిదెవరో
మేస్త్రి తలెత్తకుండానే చెప్పేవాడు.

ఖైరున్నీసా ఫోను కిందికి వంచింది.
చాటలో తేజాకాయలు, పావుకిలో ఉంటాయేమో,
చివరిరోజు కొంగున ముడేసుకొచ్చినవి.
"చేతులు ఊరుకోవట్లేదే."

మేమూ లేచి డబ్బాలు వెతికాం.
తుంచాం, నలిపాం, ముక్కుల దగ్గర పెట్టుకున్నాం.
ఒకటి. రెండు.
నాగేంద్రానిది ఎప్పటిలాగే పిల్లి తుమ్ము.
ఆరు.

"నాకు వాసన పోయిందే"
అంది శేషరత్నం, చాలాసేపటికి.
"మీరు తుమ్మండి. వింటాను."

మళ్లీ నలిపాం.
కళ్లనీళ్లు ఘాటువో కాదో ఎవరూ అడగలేదు.
మా పక్కవాటా వాళ్లు ధడాలున కిటికీ మూసుకున్నారు.
ఆ చప్పుడు అక్కడిదాకా వినపడిందేమో
నవ్వబోయి, దగ్గి,
గొట్టం సర్దుకుని
వేలెత్తింది,
ఇంకోటి అని.