రెండూ ఉంచు

వార్డో రేవు దగ్గరి కొట్టులో బంగాళాదుంపలు ఏరుతుంటే
జేబులో ఫోను వణికింది.
"ఒకే ఖజానాకి రెండు ప్రతులున్నాయి. ఏది ఉంచాలి?"

ముందు సంగతి చెప్పాలి.
మా పాస్‌వర్డ్‌లన్నీ ఒక నీలం నోటుబుక్కులో ఉండేవి.
పడవ లైసెన్సు, కోటా లెక్క, చేపల వేలం, బ్యాంకు,
తోర్‌గేయిర్ మోకాలి డాక్టరు.
కొట్టేసి పక్కన రాసి, అదీ కొట్టేసి అంచున రాసి
అట్ట మీద కూడా చోటు చాలకపోయాక
అక్టోబరు తుపానుకి వంటింటి కిటికీ ఊడి
సిరా అంతా ఉప్పునీళ్ల పాలైంది.
"మీరు మీరేనా?" అని ఆ వారం
మమ్మల్ని అడగని పేజీ లేదు.

నవంబరులో సూర్యుడు సెలవు పెట్టి వెళ్లాక
తీరుబడిగా కూర్చుని ఎంచడం మొదలెట్టాం.
మొదటిది ఏడాదికింతని అద్దె, అన్నీ క్లౌడులో దాస్తుందట.
"మబ్బులోనా?" అన్నాడు.
"ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను మబ్బుల్ని.
ఒక్కటీ చెప్పిన చోట ఉండలేదు."
రెండోది బ్రౌజరే గుర్తుపెట్టుకుంటుంది, ఊరికే.
ఊరికే దొరికే ఎర ఏ చేపకి మంచి చేసింది?
మూడోది ఒకే ఒక్క ఫైలు. తాళం వేసి మన దగ్గరే ఉంచుకోవాలి.
పడవలో ల్యాప్‌టాప్, ఇంట్లో కంప్యూటరు, నా ఫోను,
నెట్ అందినప్పుడల్లా మూడూ ఒక మాట మీదికొస్తాయి.
చూడ్డానికి సుంకం ఆఫీసు ఫారంలా ఉంది.
అదే తీసుకున్నాం. మేనల్లుడు ఎయ్‌లిఫ్ వచ్చి పెట్టి వెళ్లాడు.

ఇక అన్నిటికీ కలిపి ఒక్క వాక్యం కావాలి.
పొడుగ్గా ఉండాలి, ఎవరి ఊహకీ అందకూడదు,
ఇద్దరమూ మరిచిపోకూడదు.
పెళ్లి తేదీ అన్నాను. నాకు గుర్తుండదన్నాడు, నిజాయితీగా.
రెండు రాత్రులు వెతికాం.
చివరికి ఇరవై రెండేళ్ల కిందటి పోట్లాటలో నేనన్న మాట,
తిట్టుతో సహా,
ఇద్దరికీ పొల్లు పోకుండా గుర్తుంది.
ఇప్పుడాయన రోజూ పొద్దున్నే
దాన్ని తప్పుల్లేకుండా కొట్టి బ్యాంకు తెరుస్తాడు.

డిసెంబరు. పన్నెండు రోజులు సిగ్నలు లేని నీళ్లలో ఆయన.
ఇక్కడ నేను వేలం పాస్‌వర్డ్ మార్చాను.
అక్కడ ఆయన ఏదో చేర్చాడు.
పడవ అలలగోడ దాటి లోపలికి వచ్చిందో లేదో
ఒకరి మాట ఒకరు వినకుండా మాట్లాడే ఇద్దరిలా
రెండు ప్రతులూ ఎదురెదురుగా నిలబడ్డాయి.

ఆయనది తెరిచాను.
కొత్త పద్దు. పేరు: నాన్న. అందులో పాస్‌వర్డ్ లేదు.

చర్చి శిఖరం ఎర్ర గోదాము కప్పు మీద ఆనేదాకా పో.
అక్కడ తిరుగు, దీపస్తంభం నల్లబండ వెనక్కి దాగేదాకా.
అరవై బారల లోతు. కాడ్ చేప. మార్చి మొదటి వారం.

ఈ ఊళ్లో అప్పిస్తారు, పడవిస్తారు, చేపల చోటు చెప్పరు.
మూడో కంటికి తెలియనివ్వరు.
మామయ్య ఆసుపత్రి మంచం మీద
నర్సుని కూడా బయటికి పంపి చెప్పాడు.
ఆ రోజు నేనూ బయటే ఉన్నాను, కోట్లు పట్టుకుని.
మళ్లీ అడగలేదు.
ఇప్పుడు ఈ దుంపల గంప దగ్గర,
నా వెనకే పక్క పడవ ఓడ్‌మున్ వెన్న పట్టుకుని నిల్చునుంటే,
దానంతటది నడిచొచ్చింది నా జేబులోకి.

ఫోను బోర్లించి పట్టుకుని రేవుకి నడిచాను.
ఆయన తాడు చుడుతున్నాడు.
"అందులో రాసింది అన్నిట్లోకీ వెళ్తుందని
ఎయ్‌లిఫ్ నీకు చెప్పలేదా?"

"చెప్పాడు" అన్నాడు,
తాడు మీంచి కళ్లెత్తకుండా.

తెర ఇంకా అడుగుతూనే ఉంది.
చేతితొడుగు పళ్లతో లాగి "రెండూ ఉంచు" నొక్కాను.
అయితే, నల్లబండలు ఇక్కడ రెండున్నాయి.
ఏదో అడగాలి,
ఇంటికెళ్లాక, కెటిల్ కూత పెట్టేటప్పుడు.