నూట పన్నెండు గ్లాసులు

బల్ల అయినంక
అడ్డగుట్ట చర్చి మెట్ల కింద, నల్లా దగ్గర కూసోని
చిన్న గాజు గ్లాసులు కడుగుడు నా పని.
పాస్టరమ్మ దీన్ని పరిచర్య అంటది.
మా ఆయన అంట్లు తోముడంటడు.
రెండూ నిజమే. నీళ్లు మాత్రం చల్లగుంటయి.

లెక్కకు నూట పన్నెండు.
బేగంబజార్ల కొన్నప్పుడు అన్నీ గాజువే.
రెండు పగిలినయి.
గాంధీ దవాఖాన్ల పనిచేసే సలోమి
దగ్గుమందు కొలిచే మూతలు రెండు తెచ్చిచ్చింది.
ఐదు మిల్లీ, పది మిల్లీ గీతలు ఇంక పోలే.
పెద్దోళ్లు వాటిని తప్పించి పక్క గ్లాసు తీస్కుంటరు.
కొత్తగ బల్లల చేరిన పోరగాండ్లకు మాత్రం
అవే గావాలె.

గ్లాసు అంచు మీద మనిషి ఉంటడు.
ఎర్ర మరక బెనీటాది, బ్యాంకు నౌకరి.
తంబాకు వాసన ఏలియాది.
మానేసిన్నని సాక్ష్యం చెప్పిండు,
నేనెవలికీ చెప్పలే.
ఎమ్మార్వో ఆఫీసు కాయిదంల ఆయన యెల్లయ్య,
మా రిజిస్టర్ల ఏలియా.
ఆ రెండు పేర్ల నడుమనుంచే
బిడ్డ కాలేజీ ఫీజు రావాలె.
ఎవలన్న పిలిస్తే ఒక్క గడియ ఆగి తిరుగుతడు,
ఏ పేరుతోని పిలిచిన్రో
యాది చేస్కుంటున్నట్టు.

అడుగున చుక్క మిగలనీయంది దిగల్ పిల్లగాడు.
కంధమాల్ నుంచొచ్చి
చర్లపల్లిల ఇనుము కరిగిచ్చే కాడ చేస్తడు.
తెలుగు పాట రాదు. పెదవులాడిస్తడు.
అందరం ఆపినంక
ఒక చప్పట్టు ఎక్కువ కొడ్తడు.

మేం మంచోళ్లమని చెప్త లేను.
కమిటీ ఎలక్షన్లప్పుడు రెండు జట్లయినం.
ఏడాదంత కిటికీ దిక్కు బెంచీలు వాళ్లయి,
ఫ్యాను కింది బెంచీలు వీళ్లయి.
వందనాలు చెప్పుకునేటప్పుడు
చేతులు కలిసేటివి, కండ్లు కలవకపోయేటివి.
ఆ ఏడు గూడ నేను ఒక్క తొట్లనే కడిగిన.
నీళ్లల్ల ఏది ఏ జట్టుదో
నాకే తెల్వకపోయేది.

మన పిలుపేందని పాస్టరయ్య
మూడు ఆదివారాలు వాక్యం చెప్పిండు.
నాకు సగం నిద్రొచ్చింది.
నాలుగో వారం వాన.
రాత్రి రెండింటికి సలోమి ఫోను:
"గుట్ట కింద నాలా ఇండ్లల్లకొచ్చింది,
తాళంచెవి పట్టుకొని ఉరుకు."

తలుపు తీసినం.
ఎవలెవలో వచ్చిన్రు.
బురఖా తడిసి బరువైన ముసలామె,
బోనం కుండను ఒళ్లో పెట్టుకున్న బాలమణి,
బీహారు మేస్త్రీలు, ఒక మేక.
ఒక్క బెంచీ మీద మనిషి పండలేడు.
రెండు జోడిస్తేనే ఆ వెడల్పు.
కిటికీ దిక్కుది ముందు జరిగిందో
ఫ్యాను కిందిది ముందు జరిగిందో
చీకట్ల ఎవలు చూడలే.

ఏలియా ఆటోల పాల క్యాను తెచ్చిండు.
పోద్దామంటే గ్లాసుల్లేవు.
నేను అల్మారి తెరిచిన.
"అవి బల్లవి గదా" అన్నడు సంఘపెద్ద దానమయ్య.
"ఔ" అన్న.
పోసిన.
ఆయన కొంచెం సేపు అట్లనే నిలవడ్డడు.
మళ్ల దగ్గుమందు మూత ఒకటి తీసి
పది మిల్లీ గీత దాంక పాలు నింపి
మేక పక్కన పన్న పొల్లగాని నోటికి పెట్టిండు.

తెల్లారి కడిగిన.
నూట పదకొండే వచ్చినయి.
బెంచీల కింద చూసిన, నల్లా కింద చూసిన.
గుట్ట దిగి మాత్రం వెతకలే.
కొత్తది కొందమన్నరు కమిటీల. వద్దన్న.
బల్ల ఉన్నప్పుడల్లా ట్రేల ఆ గుంతను ఇడిసిపెట్టి
పక్కదాంట్ల రసం పోస్కుంట పోత.

కింద ఏ ఇంట్ల
ఏ పోరి దాంతోని బొమ్మకు నీళ్లు తాపుతున్నదో.