ఇరవై అయిదు నిమిషాల చెట్టు

మద్దిలపాలెంలో నాది జిరాక్సు కొట్టు.
అయిదేళ్ళ పాత ప్రశ్నపత్రాలు
నా గాజుపలక మీద బోర్లా పడుకుని లేచి వెళ్ళినవే.
నేను చదవను. కానీ చేతికి తెలుస్తుంది
ఏ ప్రశ్న ఎన్నిసార్లు వేడెక్కిందో.

హబ్తాము ఇథియోపియా అబ్బాయి.
సముద్రం అడుగున మట్టి గురించి ఎమ్మెస్సీ అట.
వచ్చిన మొదటి రోజు "అక్కా" అన్నాడు,
రెండో మాట "చిల్లర లేదు".
ఈ ఊళ్ళో బతకడానికి ఆ రెండూ చాలని
ఎవరు నేర్పారో గానీ సరిగ్గానే నేర్పారు.

వాడి ఫోన్లో చీటీల యాప్ ఒకటి.
వచ్చిన చీటీని వారం దాకా దాచేస్తుంది,
రానిదాన్ని తెల్లారగానే మళ్ళీ మొహాన పెడుతుంది.
"ఇదేటి బాబూ, అప్పులోడిలాగ" అన్నాను.
ఆ మాటా చీటీ చేసుకున్నాడు.
ముందువైపు అప్పులోడు,
వెనకవైపు వాళ్ళ లిపిలో ఏదో,
నడుమ్మీద చేతులేసుకుని నిలబడ్డ
చిన్న చిన్న మనుషుల్లాంటి అక్షరాలు.

ఇంకోటి చెట్ల యాప్.
ఇరవై అయిదు నిమిషాలు ఫోను ముట్టకుండా చదివితే
తెరమీద మొక్క చెట్టవుతుంది.
ముట్టుకున్నావా, ఎండిపోతుంది.
నెలరోజుల అడవి చూపించాడు నాకు,
బొటనవేలితో పైకి తోస్తూ, తోస్తూ.

అప్పుడు చెప్పాను వాడికి
హుద్‌హుద్ నాడు ఈ గేటు లోపల చెట్లు ఎలా పడ్డాయో.
గాలి తగ్గాక వచ్చి చూస్తే
ఇన్నాళ్ళూ కొమ్మల చాటునున్న భవనాలు
ఒంటిమీద బట్టలేనట్టు నిలబడి ఉన్నాయి.
నా షట్టరు రోడ్డు అవతల దొరికింది.
మిషన్లోంచి నీళ్ళు కారుతున్నాయి.
ఆకాశం ఒక్కసారిగా ఎక్కువైపోయింది మాకు.

ఏమీ అనలేదు వాడు.
ఆ పూట ఇంకో చెట్టు పెంచి దానికి నా పేరు పెట్టాడు.
అప్పలనరసమ్మ తెరలో పట్టలేదు,
అప్పలన దగ్గర ఆగిపోయింది.

యాప్‌లు చెప్పనివి నేను చెప్పాను.
జెల్ పెన్ను వద్దు, మన ఉక్కకి అరచేతికి అంటుకుపోద్ది.
చేతికి వాచీ పెట్టుకో, గోడ గడియారానిది వేరే ఊరి టైము.
రాని జవాబుకి బొమ్మ వెయ్యి,
బొమ్మ కింద గీత స్కేలుతో గియ్యి.
మొదటి ప్రశ్న దగ్గరే కూర్చుండిపోకు.
ఇంటర్లో నేను గంటన్నర అలాగే కూర్చున్నాను,
ఇప్పటికీ ఇక్కడ కూర్చునే ఉన్నాను.

పరీక్ష ముందురోజు రాత్రి
కొట్టు కట్టేస్తుంటే మిషను మూత కింద వాడి హాల్‌టికెట్టు.
కాపీ పట్టుకుపోయి అసలుది వదిలేశాడు.
రోజుకి నలుగురు చేసే పనే.
ఫోన్ చేశాను. మోగి మోగి ఆగింది.
మళ్ళీ చేశాను.
మూడోసారి ఎత్తాడు, గొంతు దిగిపోయి,
"అక్కా, ఇరవై నాలుగో నిమిషం."

చెట్టుని చంపేశాను.
తుఫాను కూడా కాదు, నేనే, రింగుతో.

హవాయి చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చాడు.
టీ తాగుతావా అంటే వద్దని తాగాడు.
పోతూ పోతూ హాల్‌టికెట్టుని
నా కళ్ళముందే రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు,
ఒక్క కాగితాన్ని.

మర్నాడు మధ్యాహ్నం ఎండలో కనిపిస్తే అడిగాను,
ఎక్కువసార్లు వేడెక్కిన ఆ ప్రశ్న వచ్చిందా అని.
"రాలేదక్కా" అన్నాడు.
ఇద్దరం చాలాసేపు నవ్వాం. నేను కొంచెం ముందు ఆపాను.

నా ఫోన్లోనూ ఆ యాప్ వేసి వెళ్ళాడు.
మూడింటికి బేరాలుండవు.
ఫోను బోర్లా పెట్టి కూర్చుంటున్నాను,
ఏం చదవాలో ఇంకా తేల్చుకోలేదు.
పదకొండు చెట్లయ్యాయి.
రెండు ఎండాయి:
ఒకటి గ్యాస్ బండివాడి కాల్‌కి,
ఇంకోటి హబ్తాము చేస్తే.