అర నిమిషం

మంగళవారం, శుక్రవారం, పదిన్నరకి.
జయనగర్‌లో మందుల షాపు పైన, మెట్లెక్కితే ఎడమ గది.
బల్ల మీద బొమ్మల అట్టలు.
ఎదురుగా మా గంగరత్నం,
కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకొని,
ఎవరి బిడ్డనో కాసేపు పట్టుకున్నట్టు.

వీణమ్మ ఒక అట్ట తీసింది.
పళ్ళున్నాయి, పిడి ఉంది.
"ఇది ఏమమ్మా?"
హుబ్బళ్ళి పిల్ల, మాకోసం కూడబలుక్కున్న తెలుగు.
"అది... అదే... తలకి... అదే."
ఎడమ చెయ్యి లేచి జుట్టులో పైనించి కిందికి పోతోంది.
చేతికి తెలుసు.
నోటికే ఎవరూ చెప్పలేదు.

"దు..." అని అందించింది వీణమ్మ.
"దు... దు... దుడ్డు!"
నవ్వు ఆపుకుందామనుకునేలోపలే
తనూ నవ్వింది, సగం మొహంతో.
ఇరవై ఆరేళ్ళు సిటీ బస్సులో కండక్టరు.
దు అంటే ఇంకేమొస్తుంది?

స్టాపులు మాత్రం గుక్క తిప్పుకోకుండా చెప్తుంది.
మార్కెట్, టౌన్ హాల్, మినర్వా, లాల్‌బాగ్, సౌత్ ఎండ్...
మధ్యలో వేలు పెట్టి ఇదేది అంటే తెలీదు.
మళ్ళీ మార్కెట్ నించి బయల్దేరాలి.

"మాట పోలేదండీ, దారి తెగింది" అంది వీణమ్మ వరండాలో.
"అంటే డైవర్షనా?"
"అట్లాంటిదే."
ఈ ఊళ్ళో డైవర్షన్ బోర్డు ఎన్నేళ్ళుంటుందో
ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

ఇంట్లో ఇప్పుడు గొడుగు లేదు, వాన చెప్పు ఉంది.
ఫ్రిజ్ చలి బీరువా.
ఉప్పు ఒకరోజు చక్కెర, ఒకరోజు సున్నం,
పప్పులో ఏది పడిందో తిన్నాకే తెలిసేది.
నా పేరు డ్రైవరు.
నేను తొక్కిన బండి కుట్టుమిషనొక్కటే,
అయినా పిలిస్తే పలుకుతున్నా.

మొదట్లో సరిచేసేవాణ్ణి.
"అందించకండి, లాక్కోకండి, అర నిమిషం ఆగండి" అంది వీణమ్మ.
అర నిమిషం ఎంత పొడుగో
నోరు తెరుచుకొని తను గాలిలో వెతుకుతుంటే చూశాను.
పాలు పొంగి పొయ్యి ఆరింది ఆ లోపల.

ఒకనాడు టమాటాల బండివాడు తూకంలో మోసం చేశాడు.
అంతే, కన్నడంలో ఒక తిట్టు,
తల నించి తోక దాకా,
ఒక్క అక్షరం తడబడకుండా వచ్చింది.
వీధంతా విన్నది.
వాడు నోరెళ్ళబెట్టాడు.
నేను గుమ్మంలో నిలబడి
పెళ్ళినాడు కూడా పడనంత సంతోషపడ్డాను.
ఆ రాత్రి మంచినీళ్ళు అడగడానికి మాట దొరక్క
గ్లాసు గోడకేసి కొట్టింది.
అదీ చెప్పాలి కదా.

మొన్న శుక్రవారం తిరుగు బస్సు.
ఆడవాళ్ళకి సున్నా టికెట్టు, నాకు దుడ్డు టికెట్టు.
కుర్ర కండక్టరు దగ్గర చిల్లర లేదు.
నా టికెట్టు వెనక అయిదు రాసి, చుట్టూ గుండ్రం గీశాడు.
"దిగేటప్పుడు అడగండి."

గంగరత్నం దాన్ని నా చేతిలోంచి తీసుకుంది.
తిప్పింది. చూసింది. చాలాసేపు.
ఇలాంటి అంకెలు ఎన్ని వేలు వేసి ఉంటుందో తను.
అడగడం మరిచి దిగిపోయినవాళ్ళని
కిటికీలోంచి కేకేసి మరీ ఇచ్చేది.

మా స్టాపు. నేను మరిచి దిగబోయాను.
వెనకనించి చొక్కా పట్టి లాగింది.
కుర్రాడి వైపు చెయ్యి చాపి
"అది... అది..."

డ్రైవరు హారన్ కొట్టాడు.
వెనక సీట్లో ఎవరో గొణిగారు.
"చి..." అని నా నాలుక చివరిదాకా వచ్చింది,
పళ్ళు బిగబట్టాను.
పెదాలు కలిశాయి. విడిపోయాయి. మళ్ళీ కలిశాయి.

"బాకీ" అంది.

నేననుకున్న మాట కాదది.
కుర్రాడు అయిదు రూపాయల బిళ్ళ
ఆమె అరచేతిలో పెట్టాడు.

ఇంటిదాకా దాన్ని ఎడమ పిడికిట్లో బిగించుకొని నడిచింది.
తలుపు దగ్గర జేబులో చెయ్యి పెట్టి
తాళంచెవి తీశాను.
దాని పేరు అడగలేదు.